సున్న నోటు

ఎనభై రెండో సంవత్సరం, శ్రావణమాసం, రెండో శుక్రవారం, సాయంత్రం సరిగ్గా ఐదు గంటలు. గడియారం చూసి చెప్పడం లేదు. మా చాల్‌లో, అంటే గదికో కుటుంబం ఉండే మేడలో, నల్లా ఐదింటికి వచ్చేది. నల్లా కింద మొదటి బిందె మోత వినబడుతుండగా, మెట్ల కింద ఒక ఇరుకు గదిలో, ఖోలీలో, నేను ఒక అంకె చదివాను. నలుగురి ముందు నేను చదవడం అదే మొదలు. ఆ మాట ఇప్పటికీ నా నోట్లో చేదుగానే ఉంది.

నా చేత చదివించినవాడు పోయిన నెల చచ్చిపోయాడు. ఎనభై దాటిన మనిషి గురించి అలా రాయకూడదంటారు. నాకు అక్షరాలు నలభై ఆరేళ్ళకు వచ్చాయి. అంత ఆలస్యంగా వచ్చినవాటిని అబద్ధానికి ఖర్చు పెట్టను.

వాడు పోయిన మూడో రోజున చాల్ కమిటీ సెక్రటరీ సంతోష్ మా ఇంటికి వచ్చాడు. వాకిట్లో కట్టడానికి బ్యానరు వేయిస్తున్నారట.

"తాతా, తెలుగుల రెండు మంచి మాటలు రాసియ్యి. మాకు మరాఠీ రాయొస్తది గని తెలుగు రాయరాదు."

"ఏం రాయమంటవ్?"

"పేదోళ్ళకు మంచి రేటు ఇచ్చిండని రాయి. అందరు గదే అంటున్నరు."

రేపు రమ్మన్నాను. మర్నాడు వచ్చేసరికి నేను రాసి పెట్టింది ఇది. నిలబడే సగం చదివించుకుని విన్నాడు. "బ్యానరు మీద పట్టదు తాతా" అని వెళ్ళిపోయాడు. పట్టదని నాకూ తెలుసు.

కామాటిపురాలో సానికొంపల పక్కనే ఉండే మా గల్లీ పేరు చెబితే బయటివాళ్ళు ఒక రకంగా నవ్వేవారు. ఆ నవ్వుకు మేం అలవాటు పడ్డాం. మా తాతలు ఈ ఊరి గోడలు కట్టడానికి పాలమూరు నుంచి వచ్చారు, మేం ఆ గోడలకు గిలాబు, అంటే సిమెంటు పూత, చేస్తూ బతికాం. వాడు మాత్రం తాపీ ముట్టుకోలేదు. మెట్ల కింద ఖోలీలో కుట్టుమిషన్లు, టేప్‌రికార్డర్లు, గోడగడియారాలు పెట్టుకుని అమ్మేవాడు. అమ్మేది రూపాయలకు కాదు. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళ దీనార్లకు, రియాళ్ళకు.

వాడి మాట ఒకటే. "బ్యాంకుల ఎందుకు నిలబడ్తవ్? ఆ నోటే నాకియ్యి. నా రేటు దునియాల ఎవ్వడియ్యడు."

నిజమే, ఎవడూ ఇచ్చేవాడు కాదు. బ్యాంకులో దీనారుకు ముప్ఫై మూడు అంటే వాడు ముప్ఫై ఆరు అనేవాడు. ఆ ముప్ఫై ఆరు మాత్రం ఎవడి చేతికీ రాదు. ఆ నోటుతో వాడి దగ్గరే సరుకు కొనాలి. బజారులో ఐదు వందలకు దొరికే పాత మిషన్ వాడి దగ్గర ఎనిమిది వందలు. కొన్నవాళ్ళకు రేటు గుర్తుండేది, ధర గుర్తుండేది కాదు. మిషన్ మోసుకుంటూ మెట్లెక్కి, "ముప్పై ఆరు ఇచ్చిండు" అని గర్వంగా చెప్పుకునేవారు.

రేటు గట్టిగా చెప్పడు. చెవి దగ్గరికి వంగి చెబుతాడు. జర్దా పాన్ నమిలిన నోరు, ఆ తడి చెవికి తగిలేది. "నీకొక్కనికే. బయట అనకు." అందరికీ అదే చెవి, అదే తడి. ఇంటికి వచ్చాక భుజం మీది తువ్వాలుతో చెవి తుడుచుకున్నవాళ్ళను చూశాను. తుడుచుకుని మళ్ళీ వాడి దగ్గరికే పోయేవారు.

చిటికెన వేలి గోరు ఒక అంగుళం పెంచాడు. దాంతో చెవి గెలుక్కునేవాడు, అదే గోటితో నోటు అంచు గీకి చూసేవాడు. బొటనవేలు నాలుకకు రాసుకుని లెక్కపెట్టేవాడు. నాలుక నల్లటి ఎరుపు. ఆ నాలుక బయటికి రావడం, వేలు దాని మీద పాకడం, తిరిగి లోపలికి పోవడం చూడలేక నేను గోడగడియారాల వంక తిరిగేవాణ్ణి. వాడి చేతిలోంచి వచ్చిన నోటు మూల ఎప్పుడూ తడిగా ఉండేది.

లెక్క మొదలుపెట్టే ముందు ఫ్యాన్ ఆపేవాడు, నోట్లు ఎగురుతాయని. ఆ ఖోలీకి కిటికీ లేదు. రెండు నిమిషాల్లో అందరికీ చెమటలు. అప్పుడు పసుపు రంగు తువ్వాలు పరిచి, నోట్లు దాని మీద పెట్టమనేవాడు. తువ్వాలు మీదికి వచ్చిన నోటును ఇక ఎవడూ ముట్టుకోకూడదు, తిప్పకూడదు. "చెయ్యి తియ్. చెమట తగుల్తే రేటు పోతది." చెమట పట్టించేది వాడే, చెమట తగలకూడదనేదీ వాడే. మేమందరం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాళ్ళం, బడిపిల్లల్లాగా. ఇది మాకు తమాషాగా ఉండేది. పిల్లలు కూడా ఆటలో "చెయ్యి తియ్, రేటు పోతది" అనుకునేవారు.

ఇంకొకటి కూడా రాయాలి, లేకపోతే అన్యాయమంటారు. చాల్‌లో ఎవరు పోయినా మొదట వచ్చేవాడు వాడే. మంచుగడ్డ తెప్పించేవాడు, పాడె కట్టేవాడు, ముందు భుజం పట్టేవాడు. మా అమ్మ పాడె కూడా మోశాడు. సంతోష్‌లాంటి వాళ్ళు ఆ భుజం చూసే మంచివాడంటారు. మా అమ్మ పాడె కింద ఆ భుజం ఉండటం నేను మరిచిపోదామన్నా మరుపుకు రాదు. అదీ నాకు రోతే.

ఇక ఆ శుక్రవారం.

యాదమ్మ మా కింది అంతస్తు కిష్టయ్య చెల్లెలు. మొగుడు వదిలేస్తే అన్న దగ్గరికి వచ్చింది. అక్కడినుంచి ఏజెంటు ద్వారా కువైట్ పోయింది, ఖద్దామా పనికి. ఇంట్లో పడి ఉండి అన్ని పనులూ చేసే ఆడమనిషిని అక్కడ అలా అంటారు. రెండేళ్ళు చేసింది. జీతం ఏజెంటు చేతి మీదుగా ఇక్కడ అన్నకు రూపాయల్లో అందేది. ఆమె చేతికి ఒక్క నోటు రాలేదు, ఆ రెండేళ్ళలో ఒక్క అంగడి మెట్టు ఎక్కలేదు. ఇంటి కోడలు కోపమొచ్చి ఒకసారి ఇస్త్రీపెట్టె మోచేతికి ఆనించింది. ఆ వాత చూసి నా భార్య బాలమణి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

యాదమ్మ తిరిగి వచ్చి నెల కాలేదు, ఏజెంటు మళ్ళీ తిరగడం మొదలుపెట్టాడు. ఆమె కోరిక ఒక్కటే. ఒక మిషన్ కొనుక్కుంటే మా గల్లీల్లో ఆడవాళ్ళకు లంగాలు కుట్టుకుంటూ ఇక్కడే ఉండిపోవచ్చు. అన్నకూ భారం కాదు. మిషన్ లేకపోతే మళ్ళీ విమానం. ఇది చాల్ అంతటికీ తెలుసు. వాడికీ తెలుసు.

ఐదింటికే ఎందుకు రమ్మన్నాడో నాకు చాలా రోజుల తర్వాత అర్థమైంది. ఆ వేళకు ఆడవాళ్ళంతా నల్లా దగ్గర ఉంటారు, దుబాయి చూసి వచ్చిన మగవాళ్ళు ఇంకా పని నుంచి రారు. నేను ఆ రోజు పని లేక వాకిట్లో కూర్చుని పలక దిద్దుకుంటున్నాను. భజనమందిరంలో పంతులుగారు పెద్దవాళ్ళకు చదువు చెప్పేవారు. ఏడాదిగా పోతున్నాను. అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చింది, అంకెలు బాగానే వచ్చాయి. బస్సు నంబరు చదివి ఎక్కుతున్నాను. ఆ సంగతి చాల్‌లో పెద్ద విశేషం.

వాడు తల బయటపెట్టి నన్ను పిలిచాడు. "మేస్త్రీ, ఇట్ల రా. పెద్దమనిషి లెక్క కూసో."

పోయాను. లోపల యాదమ్మ, కిష్టయ్య, ఎదుటి పాన్ డబ్బా రాజన్న ఉన్నారు. నల్లాకు పోతున్న బాలమణి కూడా నన్ను చూసి బిందె చంకన పెట్టుకుని గుమ్మంలో ఆగింది.

ఫ్యాన్ ఆగింది. తువ్వాలు పడింది.

"పెట్టు బిడ్డా."

యాదమ్మ రవికెలోంచి చేతిరుమాలు తీసి విప్పింది. పది నోట్లు. వాడు గోటితో వాటిని రెండు కుప్పలు చేశాడు, ఆరు ఒకవైపు, నాలుగు ఒకవైపు. అన్నీ అరబ్బీ రాతలున్న వైపు పైకి పెట్టాడు. ఆమె చెవికి వంగి ఏదో చెప్పాడు. ఆమె తల ఊపింది.

"అది ఆరింటికి. మరి గవి?" అంది యాదమ్మ.

"గవి ఎవలిచ్చిండ్రు?"

"అన్నీ ముసలమ్మనే ఇచ్చింది, ఇంటామె అత్త. నేనొస్తుంటె కోడలు జూడకుంట తలుపు సాటుకు పిల్చి చేతుల పెట్టింది. ఏమో అన్నది, నాకు సమజ్ గాలే. గా నాలుగు నోట్లు ఇడిగ సూపిచ్చుకుంట ఇట్ల చెయ్యెత్తి దీవించింది."

యాదమ్మ అరచెయ్యి చాపి చూపించింది, ఐదు వేళ్ళూ విడివిడిగా.

వాడు ఆ చేతి వంక చూశాడు. కొంచెంసేపే. తర్వాత నా వైపు తిరిగాడు.

"నేను చెప్తె నమ్మకపోతరు. మేస్త్రీ, నువ్వు బడికి పోతున్నవ్ గద. నువ్వే చదువు."

వంగి చూశాను. మొదటి కుప్పలో పై నోటు మీద నిలువు గీత. "ఒకటి" అన్నాను.

"శభాష్. పంతులు మంచోడే. ఇగ ఇది?"

రెండో కుప్ప నా ముందుకు జరిపాడు. దాని మీద సున్న. పైన కొంచెం ముక్కులా సాగి ఉంది కానీ సున్నే. మా పంతులుగారు చూస్తే గుండ్రంగా దిద్దమని కొట్టేవారు. అరబ్బువాళ్ళకు చేతిరాత కుదరలేదనుకున్నాను. రెండోవైపు కూడా చూద్దామని చెయ్యి చాపాను.

"చెయ్యి తియ్ మేస్త్రీ. చెమట."

తీసేశాను. ఎన్నిసార్లు తలుచుకున్నానో ఆ తీసెయ్యడాన్ని. తిప్పి ఉంటే వెనకవైపు ఇంగ్లీషు అంకె ఉంది, అది నాకు వచ్చు. నలభై ఏడేళ్ళ మగవాణ్ణి, ఇటుకలు మోసిన చెయ్యి, ఒక మాటకు వెనక్కి తీసుకున్నాను.

"సున్న" అన్నాను.

"ముందట ఏమన్న ఉన్నదా?"

"ఏం లేదు. ఒక్కటే సున్న."

గట్టిగా చెప్పాను, బయటికి వినబడేలా. గుమ్మంలో బాలమణి నవ్వు ముఖంతో నన్ను చూస్తోంది. పెళ్ళైన ఇరవై తొమ్మిదేళ్ళలో ఆమె నన్ను అలా చూసింది ఆ ఒక్కసారే. అందుకే ఇంకోసారి కూడా అన్నాను, సున్న అని.

"సున్న నోటు గూడ కొడ్తరాయె?" అన్నాడు కిష్టయ్య.

"అరబ్బోళ్ళ కాడ పైసలు ఎక్కువైనయ్ కాకా. ఆడుకోనీకి కొట్టుకుంటరు" అన్నాడు రాజన్న.

నవ్వారు. నేనూ నవ్వాను. యాదమ్మ ఆ నాలుగు నోట్ల వంకే చూస్తోంది. "ముసలిది గూడ మోసం జేసిందా" అంది, ఎవరితోనూ కాదు.

"నీవి నువ్వు పట్టుకపో బిడ్డా" అన్నాడు వాడు మెల్లగా.

"నాకెందుకవి. పారెయ్."

"నోటును పారేస్తరా? లక్ష్మి. దేవుని పటం కాడ పెడ్త."

ముడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆరు దీనార్ల రూపాయలు మిషన్‌కు బయానా కింద ఉంచుకున్నాడు, మిగతా ఐదు వందల ఎనభై నాలుగు నెలలో తెమ్మన్నాడు. ఎక్కడినుంచి తెస్తుంది? లేచి వస్తుంటే నన్ను ఆపి, జేబులోంచి సిరా పెన్ను తీసి నా చేతిలో పెట్టాడు. "చదువుకున్నోనికి." ఆ పెన్నుతోనే నేను పలక వదిలి కాగితం మీదికి వచ్చాను. నా పేరు మొదట రాసింది దాంతోనే.

నెల గడిచింది. యాదమ్మ దగ్గర డబ్బు లేదు, బయానా వెనక్కి రాలేదు, మిషన్ ఇంకొకరికి పోయింది. కార్తీకం వెళ్ళకముందే ఆమె మళ్ళీ కువైట్ పోయింది. పోయేరోజు నా కాళ్ళకు మొక్కింది. నేను తల మీద చెయ్యి పెట్టి దీవించాను.

ఆ తర్వాత పదిహేను రోజులకు నాగ్‌పాడాలో ఒక లాడ్జిలో గిలాబు పని తగిలింది. కింది హాలు. ఎదుటి గోడకు పెద్ద గడియారం, మేనేజరు అన్న రియాద్ నుంచి తెచ్చాడట. దాని మీద అరబ్బీ అంకెలు. చదువు కొత్తగా వచ్చినవాడికి ఏ రాత కనబడినా చదవబుద్ధి. పని చేస్తూనే లెక్కపెట్టాను. ఒకటి దగ్గర గీత. నాకు తెలుసు. రెండు, మూడు కొంచెం వేరుగా ఉన్నా పోల్చుకున్నాను. నాలుగు మన మూడును తిరగేసినట్టుంది. దాని తర్వాత సున్న.

గడియారంలో సున్న ఏమిటి అనుకున్నాను. మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టాను. పది దగ్గర చూశాను. గీత, పక్కన చుక్క. వీళ్ళ సున్న ఆ చుక్క అన్నమాట. మరి ఇది?

చిన్న ముల్లు సరిగ్గా దాని మీదికి వచ్చింది. మేనేజరు కిందినుంచి అరిచాడు. "మిస్త్రీ, పాంచ్ బజ్ గయే. చాయ్ పీలో."

తాపీ మీది సిమెంటు తాపీ మీదే గట్టిపడింది. నేను కట్టిన పరంజా మీద నిలబడి నా కుడి అరచెయ్యి చాపి చూసుకున్నాను. ఐదు వేళ్ళు. ఆ ముసలామె దీవించలేదు. ఐదని చెప్పింది. భాష రాని పిల్లకు చేతనైన విధంగా చెప్పింది. నాలుగు ఐదులు ఇరవై దీనార్లు. మిషన్ వచ్చేది, వంద రూపాయల పైన మిగిలేది కూడా. యాదమ్మ ఆ చెయ్యి చాపి చూపిస్తే, అర్థమై కూడా వాడు నన్ను చదవమన్నాడు.

చాయ్ తాగలేదు. తిన్నగా వాడి ఖోలీకి పోయాను. ఒక్కడే ఉన్నాడు, గోటితో పళ్ళ సందులు గెలుక్కుంటున్నాడు.

"అది ఐదు" అన్నాను.

"ఏది?"

"యాదమ్మ నోటు మీదిది. సున్న గాదు, ఐదు."

వాడు తొణకలేదు. గోరు పైజామాకు తుడుచుకున్నాడు. "సున్న అని నేనన్ననా? యాద్ చేసుకో మేస్త్రీ. నేను చదువుమన్న. నువ్వు చదివినవ్. నలుగురు విన్నరు. నీ పెండ్లాం గూడ విన్నది."

ఆ మాట నిజం. వాడి నోటినుంచి సున్న అన్న మాట రాలేదు. ఎంత వెతికినా రాలేదు. నా నోటినుంచే వచ్చింది, రెండుసార్లు.

"ఆ పైసలు కిష్టయ్యకియ్యి."

"ఇస్త. వాడకట్టంత పిల్చి ఇస్త. మేస్త్రికి చదువు రాదు, తప్పు చదివిండని చెప్పి ఇస్త. పిలువన్నా?"

జేబులోంచి పెన్ను తీసి వాడి తువ్వాలు మీద పెట్టాను. వాడు దాన్ని చూసి నవ్వాడు. నాలుక కనబడింది.

"వాపస్‌కు రేటు లేదు. నీ చేతి చెమట తగిలింది."

పెన్ను అక్కడే వదిలి వచ్చాను. వాడకట్టును పిలవలేదు, కిష్టయ్యకు చెప్పలేదు, బాలమణికి చెప్పలేదు. చెబితే నా చదువు పోతుందని భయం. బస్సు నంబర్లు చదివే మేస్త్రి అని నాకొక పేరు వచ్చింది కదా, దాన్ని దాచుకున్నాను. వాడు మంచి రేటు ఇస్తూనే ఉన్నాడు, జనం మెట్లెక్కి చెప్పుకుంటూనే ఉన్నారు, నేను పక్కనే ఉండి వింటూనే ఉన్నాను. వాడంటే నాకు రోత అని రాస్తున్నాను. యాదమ్మ తిరిగి వచ్చేదాకా గడిచిన ఐదేళ్ళ నా మౌనానికీ అదే మాట రాయాలి, వేరే మాట నేర్చుకోలేదు.

రెండేళ్ళని పోయిన యాదమ్మ ఐదేళ్ళకు వచ్చింది. ఈసారి ఇల్లు వేరు. కుడిచేతి రెండు వేళ్ళు ముడుచుకుపోయాయి, చాపితే రావు. ఏం జరిగిందంటే "తలుపుల పడ్డయ్" అంది, ఎవరి తలుపో ఎవరు వేశారో చెప్పలేదు. మిషన్ ఊసు ఎత్తలేదు. ఆ చేతికి సూదిలో దారం ఎక్కదు.

ఒకనాడు ఆమెను మా ఇంట్లో కూర్చోబెట్టి, బాలమణి ముందే అంతా చెప్పాను. గడియారం సంగతి, ముసలామె చేతి సంగతి. బాలమణి బియ్యం ఏరుతున్న చాట కింద పెట్టింది. నా వైపు చూడలేదు.

యాదమ్మ నన్ను తిట్టలేదు. తిడుతుందని ఎదురుచూశాను. ఆమె తన కుడిచెయ్యి చాపింది. వేళ్ళు విడదీయబోయింది, మూడే విడ్డాయి.

"ఐదేండ్లు ఆ ముసలమ్మను తిట్టుకున్న పెద్దనాయినా" అంది. "పొద్దుగాల లేసి ముందుగాల ఆమెనే తిట్టుకునేది."

అంతే అంది. చాయ్ తాగి వెళ్ళిపోయింది.

సంతోష్ బ్యానరు కట్టాడు. మరాఠీలోనే వేయించాడు. వానకు రంగు కారింది, ఇంకా వేలాడుతోంది.

ఆ శుక్రవారం ఐదు గంటలకు మెట్ల కింద ఖోలీలో ఉన్నవాళ్ళు వీళ్ళు: యాదమ్మ. ఆమె అన్న కిష్టయ్య. పాన్ డబ్బా రాజన్న. గుమ్మంలో, ఖాళీ బిందెతో, నా భార్య బాలమణి. తువ్వాలు పరిచినవాడు ఒకడు, వాడి పేరు రాయను, నా అక్షరాలు వాడికి ఇవ్వను. గిలాబు మేస్త్రి నర్సింహులు, అంటే నేను. చదివింది నేను.